బాతుకాలి ఆకు

ఆ ఏడు మా ఇంట్లో అందరికీ కారు చప్పుడంటే గుండె జారేది. మా ఊరి రోడ్డు మీద కారు రావడమే అరుదు. వస్తే డాక్టరు కారు, లేకపోతే నార కొనే వ్యాపారి ట్రక్కు. ఆ రెండింటి చప్పుడూ మాకు తెలుసు. తెలియని చప్పుడు ఏదైనా కొండ మలుపు దగ్గర వినబడితే చాలు, చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. ఇది మా జపాను లెక్కలో షోవా యాభై రెండో ఏటి మాట, అంటే 1977. ఇప్పుడు నాకు మనవలున్నారు, మోకాళ్ళు అరిగాయి. అయినా వానలో ఎవరైనా కారు ఆపి తలుపు తీస్తే ఇప్పటికీ నా నోరు ఎండిపోతుంది.

భయం అంతకు ముందటి జూలైలో మొదలైంది. సరిగ్గా కోతలప్పుడు పట్నం కుర్రాళ్ళు మా చేలలో పడ్డారు. మాకది నారమొక్క. తాతల నాటి నుంచీ దాని పీచు తీసి గుడి తాళ్ళకీ, చెప్పుల వార్లకీ అమ్ముకుని బతుకుతున్నాం. వాళ్ళకది గంజాయి. మొక్కల తలలు తుంచుకుని సంచుల్లో కుక్కుకుంటుంటే పక్కింటి కిమిజిమా గారు అడ్డం వెళ్ళారు. వాళ్ళు ఆయన చేతిలో కొడవలే లాక్కుని దాని పిడితో ఆయన్ని కొట్టారు. ఆయన కుడిచెయ్యి మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు. ఆ దెబ్బతో ఊళ్ళో సగం మంది నార మానేసి సొరతోటలు పెట్టుకున్నారు. సొరకాయ వరుగుల కోసం ఎవడూ కారేసుకుని రాడు కదా.

మా మావగారు కిన్సాకు మాత్రం మానలేదు. దొంగలు పోయాక ఆయన మా చేనంతా తిరిగి చూసొచ్చి, ఒక ఆకు తెచ్చి నా ముందు పెట్టారు. నారమొక్క ఆకంటే విప్పిన చెయ్యిలా ఉంటుంది, వేళ్ళన్నీ విడివిడిగా. ఈ ఆకుకి వేళ్ళు విడలేదు. మధ్యలో పొర కట్టుకుపోయి బాతుకాలిలా ఉంది. చేను మూల మూడు మొక్కలు అలా మొలిచాయట. చుట్టూ ఉన్నవన్నీ తలలు తెగి మోడులై నిలబడితే, ఆ మూడింటినీ ఎవరూ ముట్టుకోలేదు.

"చూశావా అమ్మాయ్? వెధవలకి మొక్క తెలీదు. తెలిసింది ఆకొక్కటే" అన్నారు. ఏడాదిలో ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు.

ఆ మొక్కల్ని కోతలప్పుడు కొయ్యనివ్వలేదు. శరత్కాలం దాకా ఉంచి గింజ పట్టారు. గింజని గుడ్డసంచిలో కట్టి దేవుడి అరలో పెట్టారు. మా అత్తగారి ఫొటో పక్కనే.

మార్చి నెలాఖరున భోజనాల దగ్గర ఆయన అసలు సంగతి బయటపెట్టారు. ఆ గింజ పై చేలో వెయ్యరట. రోడ్డుకీ చేనుకీ మధ్యనున్న సొరపట్టెలో దడిలా వేస్తారట. రోడ్డు మీద పోయేవాడికి బాతుకాలి ఆకులే కనబడతాయి. వాటి వెనకాల అసలు నార హాయిగా ఎదుగుతుంది.

నా మొగుడు షిగెమి అన్నం గిన్నె కింద పెట్టాడు. "నార పెంచడానికిచ్చిన లైసెన్సులో ఉన్నది పై చేనొక్కటే నాన్నా. ఆ పట్టె అందులో లేదు."

"సొరపాదులు వేసే పట్టెకి లైసెన్సేంట్రా?"

"సొరపాదులు వేస్తే అక్కర్లేదు."

"మరి దరఖాస్తు మళ్ళీ పెట్టు."

"దరఖాస్తులు చలికాలంలోనే అయిపోయాయి. ఇప్పుడు పెడితే ఎందుకు, ఏమిటి అని వంద అడుగుతారు. వేళ్ళు లేని ఆకు, దొంగలకి కనబడకుండా అని చెప్పమంటావా? దొంగలకి కనబడనిది వాళ్ళకి మాత్రం కనబడుతుందా అంటారు. దాచిపెట్టి పెంచుతున్నారంటారు."

మావగారు మిసో పులుసు చప్పుడు చేస్తూ తాగారు. "అడిగేవాడికి ఆకు చూపిస్తే అది నారమొక్కని వాడికీ తెలీదు" అన్నారు.

ఆ ఏడే లైసెన్సు షిగెమి పేరుకి మారింది. మావగారికి పెద్దతనం వచ్చిందని మేమే మార్పించాం. ఏదైనా అయితే పోలీసులు పట్టుకుపోయేది నా మొగుణ్ణి. ఆ మాట మా ముగ్గురికీ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు. మావగారు ఆ వారంలోనే పట్టె దున్ని గింజ వేసేశారు.

మొలకలొచ్చాయి. మొదటి జత ఆకులు ఏ నారమొక్కకైనా ఒంటివే. వేళ్ళుండవు. తర్వాతి జతకి మూడు వేళ్ళు రావాలి, ఆ తర్వాత అయిదు. పొర కట్టుకుంటుందో విడిపోతుందో అప్పటిదాకా ఎవరికీ తెలీదు. మావగారు పొద్దున్నే వెళ్ళి పట్టెలో గొంతుకూర్చునేవారు. నేను బార్లీ టీ పట్టుకెళ్ళేదాన్ని.

"ఏమైనా తెలిసిందా మావయ్యా?"

"పురిటిబిడ్డ పిడికిలి అప్పుడే చూస్తే ఏం తెలుస్తుంది? ఆగు."

నేను ఆగలేకపోయేదాన్ని. షిగెమి పొద్దున్నే కలప మిల్లుకి పోయాక, మావగారు పై చేనుకి ఎక్కాక, ఒక్కదాన్నే వెళ్ళి ఆ చిన్న ఆకుల్ని వేలితో సాగదీసి చూసేదాన్ని. పొర ఉండాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. చట్టం కాని పని చేస్తున్న మొక్కలు, కనీసం కనబడకుండానైనా చేస్తే చాలనిపించేది.

వేళ్ళు విడిపోయాయి. ఒకదానికి కాదు, రెండింటికి కాదు, పట్టె పొడుగునా ప్రతి మొక్కకీ. అయిదేసి వేళ్ళు, సన్నగా, రంపపు అంచులతో. ఏ పత్రికలోనైనా వేసే బొమ్మలా ఉన్నాయి. అవీ ఎక్కడ? రోడ్డు పక్కన, లైసెన్సు లేని నేలలో, వచ్చేపోయేవాళ్ళ కంటికి ఎదురుగా.

కిమిజిమా గారి భార్య తోయో అటుగా పోతూ ఆగింది. ఆవిడకి విషయం తెలుసు. "ఏం కిన్సాకూ, బాతుల్ని పొదిగిస్తానని కోడిపిల్లల్ని చేశావేం?" అంది.

మావగారు మొక్కల ముందు గొంతుకూర్చున్నారు. ఆకు తుంచి అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. సాయంత్రానికి గానీ తప్పెక్కడ జరిగిందో ఆయన నోట రాలేదు. ఆకు తల్లి పోలిక, పీచు తండ్రి పోలిక అని ఆయన నమ్మకం. బాతుకాలి మొక్కలు మూడింటిలో ఒకటి మొగది. మొగమొక్క పీచు మెత్తన, పట్టులా ఉంటుంది. అందుకని పుప్పొడి రాలకముందే పీకి పీచు తియ్యడం ఆయన చేతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. దాన్నీ అలాగే పీకేశారు. మిగిలిన రెండు తల్లులకీ ఊళ్ళో విత్తనానికి వదిలిన మామూలు మొగమొక్కల పుప్పొడే గాలికి వచ్చి పడింది. మరి పిల్లలు తండ్రివైపుకి పోయాయి.

"పీకెయ్యి నాన్నా. ఇంకా మోకాలెత్తే ఉన్నాయి, రేపటికల్లా అయిపోతుంది" అన్నాడు షిగెమి.

"లోపలుందిరా అది. ఎక్కడికీ పోలేదు. మా తాత చెవులు మా నాన్నకి రాలేదు, నాకొచ్చాయి. చూడు." తన చెవులు పట్టుకుని చూపించారు. "వీటిని గింజ కట్టనివ్వు. ఆ గింజ వచ్చే ఏడు వేస్తే కొన్నైనా వేళ్ళు మూసుకుని పుడతాయి. ఇప్పుడు పీకితే ఇంక దొరకదు. నా జన్మలో మళ్ళీ దొరకదు."

"లైసెన్సు చేను కొలవడానికి తనిఖీ ఆయన వచ్చేది జూన్ ఆఖర్లో."

"అప్పటికి ఏదో ఒకటి చేద్దాంలే."

"ఏం చేస్తావు? కిమోనో చుడతావా వాటికి?" అని షిగెమి అరిచాడు. అతను తండ్రి మీద అరవడం నేనెన్నడూ వినలేదు. ఆ రోజు నుంచి తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు నా ద్వారానే మాట్లాడుకున్నారు. "ఉప్పు అందుకోమని చెప్పు." "అక్కడే ఉందని చెప్పు." మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత రాలేదు.

మొక్కలకి అవేం పట్టలేదు. వానలు మొదలయ్యేసరికి నా తల దాటిపోయాయి. విడివిడిగా నాటినవి కాబట్టి కొమ్మలేసి గుబురుగా పెరిగాయి. పై చేలో ఒత్తుగా వేసినవి కర్రల్లా సన్నగా పోతుంటే, ఇవి వాటి ముందు రాజుల్లా నిలబడ్డాయి. వాసన రోడ్డు దాకా కొట్టేది.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఒక తెల్ల కారు వచ్చింది. మావగారు కిమిజిమా గారింట్లో నార ఉడికించే పొయ్యి మరమ్మతులో ఉన్నారు. షిగెమి మిల్లులో. నేను పట్టెలో కలుపు తీస్తున్నాను. వాన చప్పుడులో కారు చప్పుడు వినలేదు. తలుపు తెరుచుకున్న చప్పుడే విన్నాను.

ఇద్దరు. ఒకడికి జుట్టు భుజాల దాకా ఉంది. రెండోవాడు కళ్ళజోడు పెట్టుకుని, ఏ బళ్ళోనో పాఠాలు చెప్పేవాడిలా ఉన్నాడు. వాడే ముందు తలొంచి దణ్ణం పెట్టాడు.

"వానలో కూడా పనేనా అక్కా? కష్టమే."

నేను కొడవలి గట్టిగా పట్టుకున్నాను. జుట్టువాడు అప్పటికే కత్తెర తీసి తలలు తుంచడం మొదలుపెట్టాడు. కసుక్, కసుక్ మని. వాడికి తొందరేమీ లేదు. పూలు కోస్తున్నట్టు కోస్తున్నాడు.

అరవాలి. కిమిజిమా గారిల్లు కూతవేటు దూరం. మలుపు దగ్గర పోలీసు చౌకీ ఉంది. అరిస్తే పదిమంది వస్తారు, వాళ్ళతో పోలీసూ వస్తాడు. వచ్చి నిలబడి ఈ మొక్కలెవరివి అంటాడు. ఈ నేల లైసెన్సులో ఉందా అంటాడు. నోరు తెరిచాను. గాలి లోపలికి వెళ్ళింది గానీ బయటికి మాట రాలేదు.

కళ్ళజోడువాడు నన్ను వింతగా చూశాడు. "ఈవిడ అరవట్లేదేంట్రా?" అన్నాడు.

"భయమేమో."

"ఉహూ. కిందటేడు ముసలాయన చూశావుగా, ఎంత గోల చేశాడో." వాడు నాలుగడుగులు వేసి పై చేను హద్దు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ లైసెన్సు పలక పాతి ఉంటుంది, చేను కొలత, యజమాని పేరూ రాసి. వాడు తడి తుడిచి మరీ చదివాడు. హద్దు తాడు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూశాడు. తిరిగి పట్టె వైపు చూశాడు. వాడి ముఖంలోకి మెల్లిగా నవ్వొచ్చింది.

"ఇది ఆ చేలోది కాదన్నమాట. పాపం, అరవలేదు అక్క. నీకు మాకన్నా పోలీసంటేనే ఎక్కువ భయం. మనం మనం ఒకటే అక్కా."

జుట్టువాడు సంచి మూతి కట్టాడు.

"ఇప్పుడు కొంచెమే తీసుకుంటాంలే. ఇంకా ఎదగాలి కదా. వచ్చే నెల వస్తాం, బాగా చూసుకో." మళ్ళీ తలొంచి దణ్ణం పెట్టాడు. "అకుత్సు షిగెమి గారిని అడిగామని చెప్పు."

పలక మీద పేరు చదివాడు మరి. కారు మలుపు తిరిగాక నేను బురదలో కూలబడ్డాను. ఎంతసేపున్నానో తెలీదు. ఇంటికొచ్చి చేతులు కడిగాను, మళ్ళీ కడిగాను, ఆకు వాసన పోలేదు. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. చెబితే షిగెమి ఏం చేస్తాడో, మావగారు ఏమైపోతారో అని భయం.

దాచడానికి వీల్లేకపోయింది. మావగారు వస్తూ వస్తూ పట్టె చూశారు. భోజనాల దగ్గర ఎవరివైపూ చూడకుండా అడిగారు. "తలలు ఎవరు తుంచారు?"

చెప్పాను. షిగెమి లేచి నిలబడ్డాడు. ఎక్కడికి వెళ్ళాలో తెలీక అలాగే నిలబడిపోయాడు.

"నీ మీద చెయ్యి వేశారా?" అన్నారు మావగారు.

"లేదు."

"మరి అరవలేదేం? మేమంతా పక్కనే ఉన్నాంగా."

నాకు ఏడుపొచ్చింది. "అరిస్తే పోలీసొస్తాడు కదా మావయ్యా."

ఆయన చేతిలో ముల్లంగి ఊరగాయ ముక్క నోటి దాకా వెళ్ళి ఆగింది. దాన్ని మళ్ళీ గిన్నెలో పెట్టేశారు. ఆయన లేచి దేవుడి అర దగ్గరికి వెళ్ళి కాసేపు కూర్చుని, పడుకున్నారు.

తెల్లారి నేను లేచేసరికి పట్టె బోడిగా ఉంది. వంగలేని మనిషి వంగి అన్నింటినీ వేళ్ళతో సహా పీకి, ముక్కలు చేసి, పెంటగుంటలో పాతేసి పైన మట్టి కప్పుతున్నారు. ఒకటైనా ఎక్కడైనా దాచారేమో అని నేను గుట్టుగా వెతికాను. విత్తనానికి ఒక్కదాన్ని కూడా మిగల్చలేదు. తోయో దగ్గర సొరనారు అడిగి తెచ్చి, అదను దాటిపోయినా, ఆ పొద్దే నాటారు.

షిగెమి బూట్లు వేసుకుంటూ అది చూశాడు. తండ్రి దగ్గరికి వెళ్ళి, పార తీసుకుని మిగతా మట్టి తను కప్పాడు. "మిల్లుకి ఆలస్యం కాదూ?" అన్నారు మావగారు. "అవనీ" అన్నాడు. వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోవడం విని నేను వంటింట్లోకి పారిపోయాను, ముఖం కనబడకుండా.

తనిఖీ ఆయన పేరు హన్జావా. టేపు పట్టుకుని పై చేను కొలిచారు, పలకతో సరిచూశారు, అంతా బాగానే ఉందన్నారు. కిందికి దిగుతూ పట్టె దగ్గర ఆగారు.

"సొర ఇంత ఆలస్యంగా వేశారేం?"

"ముందు వేసినవి పోయాయండి" అన్నాడు షిగెమి.

"ఏం పట్టింది?"

"పురుగు" అన్నారు మావగారు.

హన్జావా గారు గాలి పీల్చారు. "ఇక్కడ వాసన ఎక్కువగా ఉందే. చేలో కన్నా ఎక్కువ."

నేను టీ కప్పు అందించాను. "గాలి పైనుంచి వస్తోందండి" అన్నాను.

ఆయన తలెత్తి మా స్నానాల గది పొగగొట్టం వైపు చూశారు. పొగ నిట్టనిలువుగా పైకి పోతోంది. ఆకు కూడా కదలట్లేదు. ఆయన దాన్ని చూస్తూ టీ అంతా తాగారు. తర్వాత ఆ కప్పు నా చేతిలో పెట్టి, "అవును, గాలి" అన్నారు. కాగితం మీద ముద్ర వేసి వెళ్ళిపోయారు. ఆయనకి ఏం తెలిసిందో, ఎందుకు వదిలేశారో నాకు ఈనాటికీ తెలీదు. ఆయన మళ్ళీ వస్తారేమోనని మాత్రం చాలా రోజులు భయపడ్డాను.

తెల్ల కారు అన్న మాట ప్రకారం వచ్చింది. జూలైలో, పట్టపగలే. ఈసారి చప్పుడు నాకు తెలుసు. తోయో వాళ్ళ సొరకాయ వరుగులు ఆరేస్తున్నదాన్ని అన్నీ వదిలేసి, ఊళ్ళో నిప్పంటుకుంటే కొట్టే గంట దగ్గరికి పరిగెత్తి, నిచ్చెన ఎక్కి, చేతులు బొబ్బలెక్కేలా కొట్టాను. నోరారా అరిచాను. ఊరు ఊరంతా కొడవళ్ళతో దిగింది. కిమిజిమా గారు ఎడమచేత్తో కర్ర పట్టుకుని అందరికన్నా ముందున్నారు. కారు వెనక్కి వెనక్కే మలుపు దాకా పోయింది. కిటికీలోంచి కళ్ళజోడువాడు నావైపే చూశాడు. ఆ చూపు తలుచుకుని ఆ వేసవంతా ఒంటరిగా చేనుకి పోలేదు.

కోతలు మొదలయ్యాయి. కోతలంటామే గానీ నారమొక్కని మేం కొయ్యం, వేరుతో సహా పీకుతాం. పీకి, పొడుగాటి కత్తితో ఆకులు దులిపేసి, కాడలు కట్టలు కడతాం. ముగ్గురం వరసగా పీకుతూ పోతున్నాం. చేను నడిబొడ్డున నా చేతికి ఒక మొక్క వచ్చింది. పీకబోతూ తలెత్తి చూశాను. పైన ఆకులకి వేళ్ళు లేవు. పొర కట్టుకుపోయి ఉన్నాయి.

"మావయ్యా" అన్నాను. నా గొంతు విని ఆయన పరుగులాంటి నడకతో వచ్చారు.

ఆయన కాడని వంచి ఆకుని అరచేతి మీద పరుచుకున్నారు. కిందటేడు విత్తనానికి ఉంచిన మామూలు మొక్కల్లోనే ఎక్కడో అది దాక్కుని ఉండి, ఇలా పైకి వచ్చింది. ఆయన చెప్పినట్టే. ఆయన బొటనవేలు ఆ పొర మీద అటూ ఇటూ తిరిగింది. కళ్ళు తడిశాయి.

"ఇది లైసెన్సు చేలోదే మావయ్యా" అన్నాను. "విత్తనానికి ఉంచితే ఎవరూ ఏమీ అనరు."

షిగెమి కూడా వచ్చాడు. "ఉంచు నాన్నా. ఇంకొకటి ఉందేమో వెతుకుదాం. ఈసారి మొగది దొరికితే పీకొద్దు" అన్నాడు.

మావగారు రోడ్డు వైపు చూశారు. రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన అలా చాలాసేపు చూశారు. ఆ పొద్దున ఆయన ముఖంలో నేను చూసిన భయం నాకు తెలిసినదే. కొన్ని నెలలుగా నా ముఖంలో ఉన్నదే అది. ఆయనకి మాత్రం అది పట్టదని అనుకునేదాన్ని.

"వింత ఆకుంటే పోయేవాడు ఆగి చూస్తాడురా" అన్నారు. "ఆగి చూసేవాడు మనకొద్దు."

కాడ రెండు చేతులా పట్టుకుని పీకారు. కత్తితో ఒక్క దెబ్బకి ఆకులు దులిపారు. అవి మిగతా ఆకుల కుప్పలో పడ్డాయి. కాడని నా కట్టలో పెట్టి, తన వరసకి వెళ్ళిపోయారు.

ఆ చలికాలం ఆ కట్టలోంచి పీచు తీసింది నేనే. పొయ్యి పక్కన కూర్చుని ఒక్కో కాడనీ చేతిలోకి తీసుకుని, ఆ బాతుకాలిది ఇదేనా అని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, అప్పుడు వలిచాను. ఎదురుగా మావగారు తాడు పేనుతున్నారు. నేనెందుకంత నెమ్మదిగా చేస్తున్నానో ఆయన అడగలేదు. కట్ట అడుగుకి వచ్చాక మాత్రం చేతిలో తాడు ఆపారు.

"దొరికిందా?" అన్నారు.

"లేదు మావయ్యా" అన్నాను. "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."